ఐదో రోజే ఆపేసిన మిషన్

మంగళవారం, నాచారం

మళ్లీ ఆగలేకపోయాను. అంతరిక్షంలోకి పంపేముందు ప్రోటీన్ స్ఫటికాలను ఇక్కడే, వాటికి బరువు తెలియకుండా మెల్లగా తిప్పే మిషన్‌లో పెంచి చూస్తున్నాం. తొమ్మిది రోజులు ఆపకూడదు. నేను ఐదో రోజే ఆపి మైక్రోస్కోప్‌లో చూశాను. ఒక స్ఫటికం ఆవగింజలో సగం కూడా లేదు, ఎంత మెరుస్తోందో! తిప్పడం ఆగింది కదా, చూస్తుండగానే బరువుకి అడుక్కి జారి, పక్కదానికి అతుక్కుపోయింది. ఇక పనికిరాదు.

"గూడ్స్‌బండి పోతే అదురుతదని నేను బల్ల కింద సైకిల్ ట్యూబులు పెట్టిన. మీరేమో చేత్తోని ఆపిన్రు. గంత ఆత్రమేంది మేడం?" అన్నాడు మా ల్యాబ్ అటెండర్ యాదయ్య.

పైకి పంపాక చూడాలన్నా కుదరదు కదా. మళ్లీ మొదటినుంచి పెట్టి, గది తాళంచెవి యాదయ్యకే ఇచ్చేశాను, నేనడిగినా ఇవ్వొద్దని. ఇప్పుడు మిషన్ చీకట్లో తిరుగుతూ ఉంటుంది.

రేపు పొద్దున్నే తాళంచెవి అడుగుతాను.