జొన్న బెండు, బీర పీచు, సుగుణ కాళ్లు

ఫిబ్రవరి 3, సోమవారం

తన కాలికి తగలని దెబ్బకు మందు చెప్పే మనిషిని నువ్వైతే నమ్ముతావా? చెప్పు. తెల్లమొహం వేసుకుని చూడకు, కాగితమా.

నిన్న సంఘంలో నేను చెప్పిందేమిటి? గొర్రెలు కాసే చిన్నవాడికి రాజు తన కవచం తొడిగిస్తే, అడుగు తీసి అడుగు వేయలేక విప్పి పక్కన పెట్టాడని. నీకు సరిపడని కవచం నీకు సంకెల — అని బల్ల గుద్దాను. ముసలమ్మలు ఆమెన్ మీద ఆమెన్. ఇంటికొచ్చి, కోడికూర తిని, పడుకున్నాను.

ఇవాళ ఆ వాక్యం కుంటుకుంటూ నా సీటు కవర్ల షాపుకే వచ్చింది. సుగుణ. పక్క వాడకట్టు, పద్మశాలి ఇంటి కోడలు, మరమగ్గాల షెడ్డులో కండెలు చుడుతుంది. మన హుస్నాబాద్ ఆడవాళ్ల క్రికెట్ జట్టులో మొదట బ్యాటు పట్టేది ఆమే. చంకలో జట్టు ప్యాడ్లు. మగవాళ్ల కొలత — ఆమెకు తొడ సగం దాకా వస్తాయి. పోయిన ఆటలో పరుగు తీస్తూ వాటికే తట్టుకుని పడిందట. లేచేలోపు బంతి వచ్చి మోకాలి పక్కన తగిలింది.

"జర చిన్నగ జేసియ్యన్నా. బండి సీట్లు కుడ్తవు, గివి కుట్టరాదా?"

"చిన్నయి కొనుక్కోరాదు చెల్లె?"

"పిల్లలయి దొర్కుతయి. గట్టి బంతికి ఆగయన్నా."

వెనకే ఆమె అత్త లచ్చవ్వ, నడుం మీద చెయ్యి. "ఇను కొడుకా. ఇంకొక్క దెబ్బ తాకిందా, గా బ్యాటు తీస్కపోయి పొయ్యిల వెడ్త. ఇగ ఆట బంద్."

సుగుణ ప్యాడ్లను ఇంకా గట్టిగా పట్టుకుంది.

22న హుజూరాబాద్‌లో ఆట.

ఫిబ్రవరి 4

కోశాను. ఉండలు కట్టిన దూది, విరిగిన బెత్తం పుల్లలు, ఎవరెవరిదో చెమట వాసన. పైన మాత్రం తళతళ. సున్నం కొట్టిన సమాధి అంటే ఏమిటో ఇన్నేళ్లు బోధించి ఇవాళ చూశాను.

చిన్నగా చేయడానికి ఇందులో ఏమీ మిగల్లేదు. కొత్తవి చేయాలి. దేనితో?

ఫిబ్రవరి 6

బండి సీటు ఫోము. నా దగ్గర గుట్టలుగా ఉన్నదే. రెండు పొరలు వేసి, రెగ్జిను చుట్టి, ముందు నా కాలికే కట్టుకున్నాను — మందు చెప్పేవాడు మింగి చూపించాలి కదా. స్కూలు గ్రౌండులో నిలబడ్డాను. జట్టులో జోరుగా బంతి వేసే రజిత అటు కొస నుంచే అరుస్తుంది:

"పాస్టరన్నా, కండ్లు మూస్కుంటవా, ప్రార్థన చేస్తవా?"

"రెండూ!"

బంతి వచ్చింది... నేను పాస్టర్‌ను కాను, ఉత్త బోధకుణ్ణి అని వీళ్లకు వెయ్యిసార్లు చెప్పాను. ఇవాళ నా నోట వచ్చిన కేక విన్నాక బోధకుణ్ణని కూడా ఎవరూ అనరు.

తెలిసింది ఇదీ — పిర్రలకు చాలిన మెత్తదనం ఎముకకు చాలదు. గొప్ప మాట. సంఘంలో చెప్పలేను.

ఫిబ్రవరి 7

బూరుగ దూది. సుగుణ కట్టుకుని నాలుగు పరుగులు తీసేలోపే అంతా జారి చీలమండల దగ్గర చేరింది. ఏనుగు పాదాలు. ఆమె నవ్వు ఆపుకోలేక పిచ్ మీదే కూర్చుండిపోయింది.

ఫిబ్రవరి 9, ఆదివారం

మోకరించి ప్రార్థిద్దాం అన్నాను. అందరూ మోకరించారు, నేను తప్ప. మార్త ఓరకంటితో చూసి, పక్కామెతో, "మా ఆయినె ఇయ్యాల దేవునికి సలాము మాత్రమే కొడ్తడట."

ఫిబ్రవరి 10

షాపు ముందు లచ్చవ్వ. ఎగతాళికే వచ్చింది.

"మల్ల నిలవడ్తవా? నిలవడు నిలవడు. రజిత నీ బెండు దీస్తది పో!"

బెండు!

చేతిలో సూది ఆగిపోయింది. చిన్నప్పుడు ఖానాపూర్‌లో జొన్న చొప్ప ఒలిచి, లోపలి తెల్లటి బెండుతో బండ్లు చేసేవాళ్లం. ఈక కన్నా తేలిక. గోరుతో నొక్కితే బెండు నలుగుతుంది, గోటికి ఏమీ కాదు. దెబ్బను తానే తినేస్తుంది.

"అవ్వా, నీ నోట్ల దేవుడు మాట్లాడిండు" అన్నాను.

"అయితె గా దేవునికి చాయ తాగిపియ్యి" అని అరుగు మీద కూర్చుంది.

ఫిబ్రవరి 12

ఖానాపూర్ పోయి వచ్చాను. బామ్మర్ది చేనులో చొప్ప, పెద్ద మోపు. కరీంనగర్‌లో బస్సు మారేటప్పుడు కండక్టరు మోపును చూశాడు, నన్ను చూశాడు. "బర్రె ఏది? ఎనుక బస్సుల వస్తుందా?" బస్సంతా నవ్వు. నేనే ఎక్కువ నవ్వాను.

ఫిబ్రవరి 13

ఒలవడం, ఎండిన బెండ్లను పక్కపక్కన నిలబెట్టి కుట్టడం. పైన గట్టి తొడుగు కావాలి. బెత్తం పుల్లలు వద్దు, విరిగి గుచ్చుతాయి. లచ్చవ్వే చెప్పింది: "నూలుకు గంజి వెట్టేటోళ్లను అడుగవేమిరా?" పాత చీర ముక్కలు, ఎనిమిది పొరలు, ఒక్కో పొరకూ చిక్కటి గంజి. ఆమె చెయ్యి పడితే గుడ్డలో ఒక్క ముడత లేదు. ఎండాక వేలితో కొడితే టకటక — పలక!

నలభై ఏళ్ల మగ్గం చెయ్యి. ఆట బంద్ అన్న మనిషే కోడలి ప్యాడుకు గంజి పెడుతుంది. అడిగితే, "నీకు పని రాదు గనుక" అంటుంది.

రెండూ వాళ్ల వాకిట్లో ఎండలో పెట్టి వచ్చాను. కుడిది, ఎడమది. సృష్టి ఆరో రోజంత సంతోషం. బాగుంది, చాలా బాగుంది.

ఫిబ్రవరి 14

ఎడమ ప్యాడును మేక తినేసింది.

లచ్చవ్వ మేకే. బెండూ, గంజి చీరా, అంతా. పట్టీలు మాత్రం మిగిల్చింది, రుచించలేదేమో.

"చొప్పతోని జేసి, గంజి వోసి, వాకిట్ల వెడితె మేక తినక మొక్కుతదా?" — ఇది మార్త. నిజమే. మేతను చేసి ప్యాడని పేరు పెట్టాను. వాడకట్టంతా వచ్చి చూసిపోయారు. సుగుణ మాత్రం మేక చెవి పట్టుకుని, "నువ్వు ఓపెనింగ్ పోతవానె?" అని అడిగింది. నవ్వుతూనే. కళ్లు తుడుచుకుంటూ.

ఎడమ కాలు. బంతి ముందు తగిలేది దానికే.

ఫిబ్రవరి 15

నా కాలి వాపుకు మార్త వేడినీళ్లు పోసి, బీర పీచుతో రుద్దుతుంది. నేను అరుస్తున్నాను. పీచును పిండింది, వదిలింది... అది మళ్లీ లేచి ఎప్పటిలా నిలబడింది.

"మార్తా, ఇంకోసారి పిండు."

"ఏందయ్యా?"

"పిండు!"

బెండు నలుగుతుంది కానీ లేవదు. పీచు లేస్తుంది కానీ ఒంటరిగా ఆపలేదు. రెండూ కలిస్తే? మన పందిరి మీద ఎండిన బీరకాయలన్నీ కోశాను. మార్త స్నానం పీచు కూడా పోయింది.

ఫిబ్రవరి 18

పైన గంజి పలక — ఈసారి గంజిలో వేపనూనె, మేక దగ్గరికే రాదు, వికెట్ కీపర్ కూడా రాదేమో. దాని కింద బెండు. కాలికి ఆనుకుని పీచు. బెండు ఉన్న అరకు సీటు కవరు జిప్పు. ముందు కుడిదాన్ని ఇలా మార్చాను.

కుడిది కట్టుకుని నిలబడ్డాను. రజిత వేసింది. ధన్ మని చప్పుడు. నొప్పి... లేదు. జిప్పు తీసి చూస్తే ఒక్క బెండు నలిగి పడి ఉంది. నా కాలికి రావలసినది దానికి వచ్చింది. గ్రౌండు మధ్యలోనే గొంతెత్తాను — ఒకడు పడాల్సిన దెబ్బ ఇంకొకడు పడడమంటే ఇదేనమ్మా, చూడండి, చేత్తో ముట్టుకుని చూడండి!

"ముట్టుకుంటం గని అన్నా, ముందుగాల ఎడమది కుట్టు" — సుగుణ.

ఫిబ్రవరి 20

లచ్చవ్వ ఎవరి మాటా నమ్మదు. కుడి ప్యాడు తన కాలికే కట్టించుకుంది, చీర ఎగదోపి. "కొట్టు" అంది. "కొట్టురా! వాక్యం జెప్పేటప్పుడు బల్లను గుద్దుతవు గద!" కొట్టాను. ఆమె కదలలేదు. వాడకట్టంతా చుట్టూ మూగింది.

"దోమ కుట్టింది."

ఒక్కసారిగా చప్పట్లు, ఈలలు. సుగుణ అత్తను ఎత్తి తిప్పింది.

కిందికి దిగాక లచ్చవ్వ వేలు చూపించింది: "ఇది కుడిది. ఎడమది జూడకుంట నేను మాటియ్య."

ఫిబ్రవరి 21

మేక తిన్నాక మిగిలిన బెండు ఎడమదానికి సరిగ్గా సరిపోయింది. మార్చుకోవడానికి ఇంకో నాలుగు, అంతే. నాలుగు దెబ్బల దాకా భయం లేదు. ఐదోది తగిలితే?

ఫిబ్రవరి 22, శనివారం

ఎనిమిదింటికి జీపు కదులుతుంది. ఇప్పుడు ఏడు. ఎడమ ప్యాడు పట్టీ ఒకటి కుట్టాలి. ఇంట్లో తయారైన ప్యాడును అంపైర్ ఒప్పుకుంటాడో లేదో ఎవరికీ తెలియదు. సుగుణ అప్పుడే వచ్చి గుమ్మంలో నిలబడింది, కుడిది కట్టుకునే. లచ్చవ్వ అప్పుడే జీపెక్కి ముందు సీట్లో కూర్చుంది — "ఎడమదానికి తాకితె నేనే చూస్త" అంటూ. ఒడిలో ఖాళీ చొప్ప సంచి. అక్కడ జొన్న చేను కనబడితే ఆపుతుందట.

నేనింకా ఇక్కడ రాస్తూ కూర్చున్నాను. సిగ్గులేదూ? ఎవరి కాలు దెబ్బకు ఎదురుపోతున్నదో తెలిసినవాడా, రేపనకు, వచ్చే ఆదివారం బోధిస్తాననకు. ఇవాళే. ఈ గంటే. పుస్తకం మూయి, సూది పట్టు, లే!