మూడు రౌండ్లు, ఒక ఈల

బావకి,

ఎదురుగా కూర్చుని చెబుదామంటే నువ్వో జోకేస్తావు, నేను నవ్వేస్తాను, సంగతి అక్కడే ఆగిపోతుంది. అందుకే కాగితం పట్టుకున్నాను. అక్క కంట పడకుండా చదువు.

పోయిన ఏడాది ఫైర్ స్టేషన్ గ్రౌండులో మనకి పెట్టిన పరుగు పరీక్ష గుర్తుందిగా. ఇరవై మీటర్ల దూరంలో రెండు గీతలు, బీప్ మోగేలోగా అవతలి గీత తొక్కాలి, పోనుపోను బీప్‌లు దగ్గరవుతాయి. అరవై రౌండ్లు పూర్తిచేస్తేనే మంటల్లోకి పంపుతారు, చెయ్యలేనివాడికి ఆఫీసు కుర్చీయే గతి. ఆరోజు లెక్క రాసింది నేను. నువ్వు యాభై ఏడు దగ్గర మోకాళ్లు పట్టుకుని ఒంగిపోయావు. నేను అరవై అని రాశాను. నువ్వు కాగితంలోకి తొంగిచూసి, "ఒరేయ్, నా కాళ్లకి తెలియకుండానే అరవై పరుగెత్తానన్నమాట" అని గొణిగావు. బావమరిది బతకగోరతాడంటారు కదా, నీ ఉద్యోగం బతకాలనే ఆ పని చేశాను.

పోయిన నెల పరుపుల గోడౌను తగలబడినప్పుడు మనిద్దరం జోడీగా లోపలికి వెళ్లాం. వెనక గదిలో వాచ్‌మన్ ఉన్నాడని మనకి తెలుసు. తలుపు నాలుగు అడుగుల దూరంలో ఉందనగా, గాలి సిలిండరు అడుగంటుతోందని ఈల మోగింది. జోడీలో ఎవరిది మోగినా ఇద్దరూ వెనక్కి రావాల్సిందే. ఆ పొగలో, ఆ రొదలో అది ఎవరిదో నాకు అంతుపట్టలేదు. నువ్వు నా భుజం పట్టుకుని "నాదేరా, పద" అన్నావు. వాచ్‌మన్‌ని తర్వాతి జోడీ తెచ్చింది. మనిషి బతికాడు గానీ ఇంకా ఆస్పత్రిలోనే ఉన్నాడు. నిన్న చూడ్డానికి వెళ్లాను. "మొదట వెళ్లినవాళ్లే తెచ్చుంటే ఇంత అయ్యేది కాదంటండీ" అంది వాళ్లావిడ. ఆ మొదట వెళ్లింది నేనేనని చెప్పలేకపోయాను.

దమ్ము చాలనివాడికి గాలి తొందరగా అయిపోతుంది. నేను కలిపిన ఆ మూడు రౌండ్లే ఆ నాలుగు అడుగులయ్యాయి బావా. సోమవారం ఆఫీసరుకి నిజం చెప్పేస్తాను. నిన్ను ఫైరింజను దింపి ఆఫీసు కుర్చీలో కూర్చోబెడతారు. అక్క నా మొహం చూడదు. నువ్వు ఎన్ని తిట్టినా పడతాను.

నీ బావమరిది


ఒరేయ్ లెక్కల మాస్టారూ,

మీ అక్క కంట పడకుండా ఉత్తరం రాయడం నీవల్లా కాదు, చదవడం నావల్లా కాదు. నాకంటే ముందే చదివేసి, "ఇంకా ఎన్నాళ్లు దాస్తారు, వాడికి చెప్పెయ్యండి" అంది.

ఆ ఈల నాది కాదురా. నీది.

బయటికొచ్చాక సిలిండర్లు రెండూ నేనే పట్టుకెళ్లాను, గుర్తు తెచ్చుకో. నీ గేజు ముల్లు ఎర్రగీత కిందికి దిగిపోయింది. నాది ఇంకా చాలా పైన ఉంది. గ్రౌండులో నిన్ను పట్టేవాడు లేడని ఒప్పుకుంటాను. కానీ మొహానికి మాస్కు తగిలిందంటే చాలు, నీకు గుండెదడ పట్టుకుని గాలంతా గటగటా తాగేస్తావు. అది తెలిసి కూడా నేను ఎవరికీ చెప్పలేదు. నా దమ్ము తక్కువే గానీ, పాతికేళ్లుగా మాస్కులో మెల్లగా పీల్చడం అలవాటైపోయింది. ఈల నీదని తెలిస్తే నువ్వు మళ్లీ మంట దగ్గరికి పోలేవేమోనని భయపడ్డాను. అందుకే నాదన్నాను. సామెత కట్టినవాడు మరిచిపోయాడు గానీ, బావ కూడా బతకగోరతాడు.

అలాగని నా యాభై ఏడు అరవై అయిపోదు. ఆరోజు కాకపోయినా, ఇంకోరోజు గాలి నాకే ముందు అయిపోవచ్చు. నువ్వు నాకు మూడు రౌండ్లు కలిపావు, నేను నీ ఈల నా మీద వేసుకున్నాను. మన ప్రేమలు బాగానే ఉన్నాయి, మధ్యలో కాలింది వాచ్‌మన్.

సోమవారం ఒక్కడివే వెళ్లకు, ఇద్దరం వెళదాం. అంతకుముందు ఆస్పత్రికి వెళ్లాలి. వాచ్‌మన్ వాళ్లావిడకి ఈల సంగతి నువ్వే చెప్పాలి, పక్కన నేనుంటాను.

రేపు పొద్దున్నే ఆరింటికి గ్రౌండుకి రా. నువ్వు మాస్కు పెట్టుకుని మెల్లగా పీల్చడం నేర్చుకో, నేను నా మూడు రౌండ్ల సంగతి చూసుకుంటాను. లెక్క మీ అక్క పెడుతుందట. మొగుడైనా తమ్ముడైనా ఒక్క రౌండు కూడా కలపనని ఇప్పుడే చెప్పేసింది.

నీ బావ