నిమ్మగడ్డి నూనె సారా కాదనిన్నీ, టీలో పోయరాదనిన్నీ

గుణుపురం, ఒరిస్సా,
ఆగస్టు 1998

శ్రీయుత ఎక్సైజు సూపరింటెండెంటు గారి సముఖమునకు, మాజీ కిరాణా వర్తకుడు వరాహనరసింహం వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: నా రాగి బాన విడుదల గురించి; అంతకన్నా ముందు తమ సిబ్బంది ఆరోగ్యము గురించి.

తమరు తెలుగువారని విని తెలుగులో వ్రాస్తున్నాను. నా ఒడియా సంతలో బేరానికి సరిపోతుంది, అర్జీకి చాలదు. తెలుగైనా పొట్లాలు కట్టే పాత కాగితాలు చదివి నేర్చుకున్నదే. తప్పులుంటే ఆ పొట్లాలవి.

1. గత సోమవారము తమ సబ్ ఇన్‌స్పెక్టరు గోవిందరావు గారు, జవాను అసిరయ్య మా పెరటిలో ప్రవేశించి, బాన, గొట్టము, కింద మంట చూచి ఇది సారా బట్టీ అని నిర్ధారించి, బానను, నూనె డబ్బాను జప్తు చేసినారు. ఆవిరి పట్టి చల్లార్చుట రెంటికీ ఒకటే, కాదనను. కాని మా బానలో ఉడికేది నిమ్మగడ్డి, దిగేది నూనె. సబ్బుల వాళ్లు కొంటారు. దోమలు దీనిని సహించవు. ఒకసారి మా డబ్బా గుణుపురం రైల్లో ఒలికితే నౌపడా దాకా ఆ పెట్టెలో ఒక్క దోమ లేదు. టిక్కెట్టు కలెక్టరూ రాలేదు. అది వేరే కథ.

2. గడప తొక్కిన వారిని టీ ఇవ్వకుండా పంపుట నా భార్య అమ్మణ్ణికి చేతకాదు. సోదాకు వచ్చినా అంతే. పంచనామా వ్రాస్తుండగా నిమ్మగడ్డి ఆకు వేసి టీ ఇచ్చింది.

"ఏటమ్మా ఇది, ఇంత కమ్మగుంది?" అన్నాడు అసిరయ్య.

"ఏటుంది బాబూ, మీరు సారా అంటన్న గడ్డే!"

మహాప్రభో, అనర్థము ఇక్కడ పుట్టినది. ఆకే ఇంత బాగుంటే నూనె ఇంకెంత బాగుంటుందోనని, జప్తు డబ్బాలోంచి ఆఫీసు టీలో పోసుకున్నారు.

3. మరునాడు నేను బాన అడగబోతే అసిరయ్య నాలుక బయటపెట్టి విసురుకుంటున్నాడు.

"తాతా, నీ సారా సానా గాటు!"

"ఒరే నాయనా, అది సారా కాదురా!"

"కాకపోతే నా తలెందుకిలా తిరిగిపోతంది?"

గోవిందరావు గారు ఆ తల తిరుగుటను సాక్ష్యముగా నమోదు చేసినారు. పిమ్మట గుడ్డ ముంచి నిప్పంటించి చూచినారు. సారాకు రావలసిన నీలిమంట రాలేదు, మసి వచ్చింది, వారి మీసము కొంత పోయింది. కనుక కేసును "కల్తీ సారా"గా మార్చినారు.

4. కోసిన గడ్డి పెరట్లో కుప్పగా ఉంది. కొట్టు ఎత్తేసిన తరువాత మా ఇద్దరికీ ఆ బానే ఆధారము. వాన తగిలితే గడ్డి కుళ్లును, మా ఏడాది పోవును. "ఆవుకేద్దారంటే అది కూడా మూతి తిప్పుకుంటందండీ" అంటున్నది అమ్మణ్ణి.

కావున అసిరయ్యను తక్షణము డాక్టరుకు చూపించి, నూనెను టీగ్లాసులకు దూరముగా పెట్టించి, లాబరేటరీకి పంపి, నా బానను ఇప్పించవలెను. ఆకు తాగవచ్చును. నూనె వాసన చూడవచ్చును, కొబ్బరినూనెలో చుక్క కలిపి మోకాలికి రాయవచ్చును. కంటికి, కడుపునకు తగలరాదు. ఈ ముక్క డబ్బా మీద మూడు భాషల్లో వ్రాయుటకు నేను సిద్ధము.

తమ ముక్కు మీద భారము వేసినాను, చిత్తగించవలెను.

తమ విధేయుడు, ఎంత రుద్దినా వాసన వదలని
వరాహనరసింహం

తా.క. నమూనాగా ఈ కాగితము మూలన ఒక చుక్క వేసినాను. చదివినంతసేపూ తమను దోమ కుట్టలేదు కదా? దయచేసి కాగితము టీలో ముంచకండి. బాన మోసుకొచ్చిన వారికి ఆకు టీ ఇస్తానని రాయమంటున్నది అమ్మణ్ణి. ఆ ఆకూ కుప్పలోనే ఉంది, బాబూ. మబ్బు పట్టింది, త్వరగా పంపండి.