అమ్మ పేరు కనబడని ఫైలు

మంగళవారం, కోవూరు

ఒళ్ళు అలిసిపోయింది, నిద్ర మాత్రం రావడం లేదు.

కార్డులు, కరపత్రాలు కొట్టిచ్చే నా షాపు కంప్యూటర్లో విండోస్ తీసేసి లినక్స్ పెట్టి వారమైంది. ఉచితమని కాదు, ఏదో కంపెనీ ఇచ్చే తాళంచెవి మీద బతకనక్కర్లేదని. పొద్దున మార్తక్క పెన్‌డ్రైవ్ తెచ్చింది. వాళ్ళ నాయన మొన్న పోయాడు. చర్చివాళ్ళు పెట్టే ఆదరణ కూడికకు కార్డు కావాలి, అప్పట్లో వాళ్ళమ్మ పోయినప్పుడు వేసినట్టే ఉండాలి.

పెన్‌డ్రైవ్‌లో ఉన్న ఆ పాత కార్డు ఫైలు తెరిచాను. ‘ప్రభువునందు నిద్రించిన’ అని ఉండాల్సిన చోట డాలరు గుర్తులు, బ్రాకెట్లు. ఆ పాత తెలుగు ఫాంటు విండోస్ మీద నడిచే టైపింగ్ సాఫ్ట్‌వేరుది. దానితోపాటే పోయింది.

మార్తక్క కళ్ళజోడు పెట్టుకుని చూసింది. "ఇందులో అమ్మ పేరు యాడుందన్నా?"

"కొత్త ఫాంటులో మళ్ళీ కొట్టి ఇస్తానక్కా."

"వద్దన్నా. ఆ కార్డు నాయన దిండు కిందే పెట్టుకోనుండినాడు. అట్నే రావాల."

ఇద్దరం ఎదురు షాపు బాషా దగ్గరికి వెళ్ళాం. అతని విండోస్‌లో వెంటనే తెరుచుకుంది. లినక్స్ గురించి అతనితో ఎంత వాదించానో. ఎగతాళి చేస్తాడనుకున్నాను, చెయ్యలేదు. కుర్చీ ఖాళీ చేసి, "నువ్వే కొట్టన్నా" అన్నాడు.

అమ్మ పేరున్న చోట నాయన పేరు కొట్టాను.

రేపు మళ్ళీ విండోస్ పెట్టాలా? మనసొప్పడం లేదు. పెట్టకపోతే ఇంకెంతమంది పాత ఫైళ్ళు పట్టుకొస్తారో...

ఆ పాత కార్డు వేసింది కూడా నేనే. నా చేత్తో కొట్టిన అక్షరాలు, నా షాపులో నాకే కనబడలేదు.