కుండీని వెంట తీసుకెళ్తున్నాను
ఏమండీ, కుట్టు షాపు తెరిచే వేళయింది, వెళ్తున్నాను. రేపు స్కాన్‌లో లోపల స్పష్టంగా కనబడాలని మీ నరంలోకి మందు ఎక్కిస్తారు. అది కిడ్నీలను దెబ్బ తీయకూడదంటే ఈ సీసాలో నీళ్లు సాయంత్రంలోపు తాగాలని డాక్టరుగారు చెప్పారు. తాగాల్సింది మీరు, కిటికీలో మొక్క కాదు. నిన్న సీసా ఖాళీ అయిందని సంబరపడ్డాను. తీరా చూస్తే కుండీ కింద పళ్లెం నిండి గచ్చంతా తడి. అందుకే కుండీని నాతో షాపుకి తీసుకుపోతున్నాను.

ఇంకో మాట. నొప్పి మాత్రలేమైనా వేసుకుంటున్నారా అని డాక్టరుగారు అడిగితే, ఏమీ ఎరగనట్టు తల అడ్డంగా ఊపారు. మీ కళ్లజోడు పెట్టెలో సగం ఖాళీ అయిన మాత్రల అట్ట దొరికింది. ఈ సమయంలో కిడ్నీలకు అవే ముప్పని ఆయన మీ ఎదురుగానే చెప్పలేదూ? అట్ట నా సంచిలో ఉంది, ఇల్లంతా వెతక్కండి. రేపు మందు ఎక్కించకముందే మీ నోటితో నిజం చెప్పండి. మీరు చెప్పకపోతే నేను చెప్తాను.

రేపు చూపించాల్సిన రక్తపరీక్ష కాగితం బీరువా మీద ఉంది. దాన్ని కూడా మాయం చేయకండి.

మరిచాను. మీరు మూలిగితే నేను బెంగపడతానని ఆ మాత్రలు మింగుతున్నారట, మీ చెల్లెలు చెప్పింది. మోకాలు నొప్పెడితే మూలగండి. వినడానికి నేనున్నాను.