పియానో వెనక ఒప్పుకున్నది

బావమరిదీ,

నువ్వు పాస్టరువైనా నాకు బావమరిదివే, అందుకే గారు అని రాయడం లేదు. పన్నెండేళ్ల కిందట నీళ్లలో మునిగి బాప్తిస్మం తీసుకోవడానికి వస్తే, "ఏ పాపం ఒప్పుకుంటావు బావా?" అని సంఘం ముందు అడిగావు. "నేనేం చేశానురా?" అన్నాను. "అయితే పొడిబట్టలతోనే ఇంటికెళ్లు" అన్నావు. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఇంకా నా చెవుల్లోనే ఉంది.

మొన్న శనివారం నేను పనిచేసే హాల్లో కచేరీ. పియానో తోసి పెట్టి తెర వెనక కూర్చున్నాను. నలభై ఏళ్లుగా అది నాకు బరువే, మాట్లాడుతుందని ఆ రోజే తెలిసింది. వాయించినావిడ చివర్లో ఒక్క వేలితో, మెల్లగా, ఒకే మెట్టు మళ్లీ మళ్లీ నొక్కింది. చనిపోయిన మీ అక్క తలుపు అవతల నుంచి అలాగే తట్టేది. కొట్టి, వానలోకి తోసి, గడియ పెట్టింది నేనే. "యేసయ్యా, క్షమించు" అని పైకే అనేశాను.

గురువారం నాకు గుండె ఆపరేషన్. భయంగా ఉంది, ఎవరికీ చెప్పకు. చర్చిలో కాక ఆ తెర వెనక ఒప్పుకుంటే దేవుడు విన్నట్టేనా? మీ అక్కకి తమ్ముడిగా నన్ను తర్వాత తిట్టు. ముందు పాస్టరుగా, బుధవారం సాయంత్రంలోగా, నీళ్లలో దించుతావో లేదో చెప్పు. మార్చుకోవడానికి పొడిబట్టలు సంచిలో పెట్టుకున్నాను.

మీ బావ