క్రేన్ కొన మీద గద్ద పిల్ల

అత్తయ్యగారికి మీ కోడలు నమస్కరించి రాసేది. ఇక్కడ అందరం కులాసా అని రాయగానే కలం ఆగింది. ఒంట్లో కులాసాయే, కాలే ఒకచోట నిలవడం లేదు. ఇవాళ సెలవు. ఈ రెండు ముక్కలు రాసేలోపే బాల్కనీలోకి వెళ్ళి సైటు వైపు చూసి వచ్చాను.

ముందు మీరు అడిగినవి. వంటింటి కుళాయి మీ అబ్బాయే బాగుచేశారు. ఇప్పుడు ఇదివరకటికన్నా ధారాళంగా కారుతోంది. మీ కుట్టుమిషన్‌ను ఎవరూ ముట్టుకోలేదు. వదిన బిడ్డకు మీ ముక్కే వచ్చిందని మురిసిపోతూ రాశారు. ముక్కు వస్తే రానివ్వండి, దాని మీద ఉండే కోపం మాత్రం రాకుండా చూడండి.

వానలకు పని ఆగినన్నాళ్ళూ నేను నడిపే క్రేన్ కదల్లేదు. మళ్ళీ ఎక్కి చూస్తే దాని పొడవాటి చేయి చివర పుల్లల కుప్ప ఉంది. గాలికి కొట్టుకొచ్చిన చెత్త అనుకున్నాను. అందులోంచి ఒక గద్ద తల తిప్పి నన్ను చూసింది. అంత ఎత్తున ఇన్నేళ్ళలో నాకు పొరుగంటూ ఎవరూ లేరు అత్తయ్యా. దాని రెక్క కింద నూగు నూగుగా ఒక పిల్ల. మగది ఎలకను తెచ్చి పడేసి పోయింది. ఆ కొక్కెం ముక్కుతోనే తల్లి దాన్ని చీల్చి, గోరుముద్దలు తినిపించినంత ఓపికగా పిల్ల నోటికి అందించింది. పని మరిచి చూస్తూ ఉండిపోయాను.

దిగి సైటు ఇంజనీరుకు చెప్పాను. ఆయన చెడ్డవారేం కాదు. స్లాబు వేళకు పడాలని ఆయన మీద ఒత్తిడి. పుల్లలు తీసేసి పని మొదలుపెట్టమన్నారు.

"పిల్లకి రెక్కలొచ్చేదాకా ఆగుదాం సార్. అటువైపు పని లారీ క్రేన్‌తో కానిద్దాం" అన్నాను.

"పక్షి కోసం పని ఆపానని నేనెవరితో చెప్పుకోనమ్మా? నువ్వు తియ్యకపోతే ఇంకొకరు తీస్తారు."

"అయితే ఆ ఇంకొకర్నే పిలవండి" అని క్రేన్ తాళంచెవి ఆయన బల్ల మీద పెట్టి వచ్చేశాను.

ఫోన్లో నీ వెనక మిషన్ల చప్పుడు వినబడడం లేదేమిటని రాశారు. నేను పనిలో లేను అత్తయ్యా. రోజూ మీ అబ్బాయి కట్టిచ్చిన డబ్బా పట్టుకుని, పనికన్నట్టే బయల్దేరి, సైటు ఎదురుగా గోదాము మెట్ల మీద కూర్చుంటున్నాను. ఆయనకింకా చెప్పలేదు. ఏమైనా అంటారని కాదు. ఏమీ అనరు, అదే భయం.

కొత్త ఆపరేటర్ క్రేన్ ఎక్కిన రోజు నా పైప్రాణాలు పైనే పోయాయి. ఎంతసేపటికీ దాని చేయి కదల్లేదు. అతను దిగి ఏదో చెప్పాడు. అప్పుడు ఇంజనీరే ఎక్కారు, మధ్యమధ్య ఆగి రొప్పుతూ. దిగాక చాలాసేపు బూట్ల దుమ్ము దులుపుకున్నారు. మర్నాడు లారీ క్రేన్ వచ్చింది. నన్ను మాత్రం పిలవలేదు.

ఇప్పుడు పిల్ల పెద్దదైంది. గూటి అంచున నిలబడి రెక్కలు కొడుతుంది, ఎగరదు. తల్లి దీపస్తంభం మీద కూర్చుని ఎలకను చూపించి ఊరిస్తుంది, పెట్టదు. చూసేవాళ్ళకే

అత్తయ్యా, అక్కడ ఉత్తరం వదిలేసి పరిగెత్తాను. పిల్ల దూకింది. దూకిందేగాని ఎగరలేదు, రాయిలా పడి గోడ వెనక మాయమైంది. ఒక కాలికి నా చెప్పు, రెండో కాలికి మీ అబ్బాయి చెప్పు. ఎక్కడికంటూ ఆయన వెంటపడ్డారు. పరుగులోనే అన్నీ చెప్పేశాను. వినబడిందో లేదో తెలియదు.

పిల్ల ఇనుప చువ్వల కుప్ప మీద రెక్కలు పరుచుకుని నోరు తెరిచి ఉంది. బతికే ఉంది. ఒక కుక్క దానివైపే వస్తోంది. మీ అబ్బాయి అడ్డంగా వెళ్ళి నిలబడ్డారు. తల్లి గద్దకు ఆ మంచితనం ఎలా తెలుస్తుంది? వాలి ఆయన నెత్తి మీద గీరింది. కుక్క బెదిరి పారిపోయింది. ఆ గోలలో పిల్ల రేకుల షెడ్డు మీదికి గెంతింది, అక్కణ్ణించి తూలుతూ, పడుతూ, చివరికి దీపస్తంభం అందుకుంది.

నెత్తికి రుమాలు అదుముకుని మీ అబ్బాయి గోదాము మెట్లవైపు తిరిగారు. ఒకే మాట అన్నారు.

"ఇన్నాళ్ళూ ఆ మెట్ల మీద ఒక్కదానివే తిన్నావా?"

ఆయనకు గీరుకున్న చోట మందు రాశాను, కంగారు పడకండి. గూడు ఖాళీ అయింది కాబట్టి రేపు క్రేన్ తిరుగుతుంది. నడిపేది ఎవరో తెలియదు. పొద్దున్నే వెళ్ళి ఇంజనీరును అడుగుతాను. మీ అబ్బాయీ వస్తానంటున్నారు.

ఇట్లు,
రేపటి సంగతి తెలియని
మీ కోడలు